ఆఫ్రికా అడవుల్లో పశువైద్యం నేర్చుకోవాలంటే: బయల్దేరే ముందు, ఖడ్గమృగం పక్కన, తిరిగొచ్చాక

వారానికి ఒక మెసేజ్ అయినా వస్తుంది. "అక్కా, నేను రాజేంద్రనగర్‌లో ఫోర్త్ ఇయర్. సౌతాఫ్రికా వెళ్లి వైల్డ్‌లైఫ్ వెట్‌గా చేయాలని ఉంది. ఎలా?" తిరుపతి నుంచీ ఇదే, గన్నవరం నుంచీ ఇదే, కోరుట్ల నుంచీ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకచోట పెడుతున్నాను.

ముందే ఒక మాట. హెలికాప్టర్ తలుపు దగ్గర కూర్చుని డార్ట్ గన్ (మత్తుమందు సూదిని దూరం నుంచి పేల్చే తుపాకీ) పేల్చేది మీరే అని కల కంటుంటే, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. అక్కడ గన్ మీ చేతికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీకు దొరికే పని వేరు. టైము చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, కళ్లకు గంత కట్టడం, నీళ్లు పోయడం, రాసుకోవడం. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, గన్ పేల్చినాయన జంతువును పడగొట్టగలడంతే. అది మళ్లీ లేచి నిలబడుతుందా లేదా అన్నది చాలాసార్లు ఊపిరి లెక్కపెట్టే మనిషి మీద ఆధారపడుతుంది. ఈ గైడు ఆ మనిషి కోసమే.

నేను వెళ్లింది సౌతాఫ్రికాకు. అందుకే వివరాలన్నీ అక్కడివే. నమీబియా, జింబాబ్వే, కెన్యాలకు వెళ్లేవాళ్లకు పని ఇంచుమించు ఇదే, కాగితాలు మాత్రం వేరు.

కావలసినవి

- కనీసం థర్డ్ ఇయర్ దాటిన బి.వి.ఎస్సీ చదువు. ఫార్మకాలజీ, అనస్థీషియా అయిపోయి ఉంటే మేలు.
- డిగ్రీ అయిపోయినవాళ్లకు: రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, దానితోపాటు గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ మీద ఏ చర్యా లేదని కౌన్సిల్ ఇచ్చే కాగితం).
- పాస్‌పోర్టు. ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.
- రేబిస్ ముందస్తు టీకా, టెటనస్, దారిని బట్టి ఎల్లో ఫీవర్ టీకా, మలేరియా మాత్రలు.
- ప్రయాణ బీమా. పాలసీలో 'అడవి జంతువులతో పని' మినహాయింపుల జాబితాలో లేదని రాతపూర్వకంగా తీసుకోండి.
- సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం. ఫోన్ కుదరదు, ఎందుకో కింద చెప్తాను.
- జేబులో పట్టే నోటుబుక్కు, నాలుగు పెన్సిళ్లు. దుమ్ములో, నీళ్లలో పెన్ను మొరాయిస్తుంది.
- ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారు. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. 'బకీ' అని పిలిచే పికప్ బండి నడపగలిగితే మీ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది.

1. ఏ హోదాలో వెళ్తున్నారో తేల్చుకోండి

ఇందులో మూడు దారులున్నాయి. విద్యార్థిగా రెండు నుంచి ఆరు వారాలు వెళ్లి పక్కనుండి నేర్చుకోవడం ఒకటి. డిగ్రీ అయ్యాక వన్యప్రాణులను పట్టుకోవడం మీద పొట్టి కోర్సు చేయడం రెండోది. జింబాబ్వేలోని మలిలాంగ్వేలో అలాంటి కోర్సు పేరున్నది. మూడోది పీజీ. ప్రిటోరియా యూనివర్సిటీ వారి ఒండర్‌స్టెపోర్ట్ ఫ్యాకల్టీ ఉంది. లండన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ, అక్కడి జూలాజికల్ సొసైటీ కలిసి నడిపే వైల్డ్ యానిమల్ హెల్త్ ఎమ్మెస్సీ ఉంది. బ్రిటన్‌కైతే కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌కూ ప్రయత్నించవచ్చు.

"అక్కడే ఉద్యోగం" అనేది నాలుగో దారి. అది చాలా పొడుగు. మన డిగ్రీ చూపించినంత మాత్రాన సౌత్ ఆఫ్రికన్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇవ్వదు, వాళ్ల పరీక్ష రాయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా మీ అంతట మీరు వైద్యం చేస్తే అది నేరం. "ఏం కాదులే, అడవిలో ఎవరు చూస్తారు" అనే యజమాని దొరికితే ఆ చోటు వదిలి వచ్చేయండి.

2. ముందు ఇక్కడ చేయి తిప్పుకోండి

హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ, తిరుపతి జూ మూడింటిలోనూ వెటర్నరీ డాక్టర్లు ఉన్నారు. మీ కాలేజీ లెటర్‌తో వెళ్లి పదిహేను రోజులైనా ఉండండి. వీలైతే కాజీరంగా దగ్గర 2002 నుంచి నడుస్తున్న వన్యప్రాణి పునరావాస కేంద్రానికి రాయండి. వరదల కాలంలో వాళ్లకు క్షణం తీరిక ఉండదు. మీరు నేర్చుకునేదీ అప్పుడే.

ఒక అలవాటు మాత్రం ఈరోజే మొదలుపెట్టండి. పడుకున్న కుక్క పక్కనో, నెమరేస్తున్న గేదె పక్కనో కూర్చుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అతన్నీ లెక్కపెట్టమనండి. ఇద్దరి అంకెలూ కలవాలి. మొదటి రోజు కలవవు. రోజుకు ఐదు జంతువుల చొప్పున చేస్తే పది రోజుల్లో కలుస్తాయి.

3. చోటు ఎంచుకోండి (ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే)

నా కథ చెప్తాను. మొదటిసారి డబ్బు కట్టి వెళ్లిన చోట వారం రోజులు నేను చేసిన వైద్యం ఏంటంటే, సింహం పిల్లలకు పాలసీసా పట్టడం. ఫొటోలు బాగా వచ్చాయి. ఐదో రోజున అక్కడి పనివాణ్ణి అడిగాను: "వీటి తల్లి ఏది?" అతను నవ్వి ఊరుకున్నాడు. తల్లి దగ్గర్నుంచి రోజుల పిల్లలను లాగేసి, మాలాంటివాళ్ల చేత డబ్బు తీసుకుని పెంచి, పెద్దయ్యాక కంచెల మధ్య వేటగాళ్లకు అమ్మే వ్యాపారం ఒకటి ఆ దేశంలో ఉందని నాకు అప్పటికి తెలియదు. అలాంటి సింహాల పెంపకాన్ని ఆపేయాలని 2021లో అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీయే సిఫార్సు చేసింది. నేను కట్టిన డబ్బు ఎటు పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అందుకే డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. జవాబు ఈమెయిల్‌లోనే రావాలి, ఫోన్‌లో కాదు.

- అక్కడ పనిచేసే వెట్ పేరేంటి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత? (ఆ నంబరు కౌన్సిల్ దగ్గర సరిచూసుకోవచ్చు.)
- పిల్ల జంతువులను సందర్శకులు ముట్టుకుంటారా, పాలు పడతారా, సింహాలతో నడుస్తారా? వీటిలో ఒక్కదానికి 'అవును' వచ్చినా వద్దు.
- నేను వచ్చే వారాల్లో ఏ పనులు ఉన్నాయి? ఎవరి కోసం? నిజమైన చోట "ఫలానా రిజర్వ్‌లో కొమ్ము కోత (దొంగ వేటగాళ్లు చంపకుండా ఖడ్గమృగం కొమ్మును ముందే కోసేయడం), ఫలానా చోట అడవిదున్నల తరలింపు, వాతావరణం బాగుంటే" అంటారు. ఆ "బాగుంటే" అన్న మాట కనబడితే నమ్మొచ్చు. "రోజూ ఒక డార్టింగ్ గ్యారంటీ" అన్నవాణ్ణి నమ్మకండి. అవసరం లేని జంతువుకు విద్యార్థుల కోసం మందు కొట్టేవాళ్లూ ఉంటారు.
- నేను కట్టే డబ్బులో హెలికాప్టర్ ఖర్చు, మందుల ఖర్చు ఉన్నాయా? పని రద్దయితే ఏమిటి?

కాలం కూడా చూసుకోండి. పట్టుకునే పనులు ఎక్కువగా అక్కడి చలికాలంలో, అంటే మనకు మే నుంచి సెప్టెంబరు దాకా జరుగుతాయి. చల్లగా ఉంటే జంతువు ఒళ్లు వేడెక్కదు. డిసెంబరు సెలవుల్లో వెళ్లినవాళ్లు ఎక్కువసేపు జీపు కడుగుతూ గడిపారు.

4. ఉత్తరం రాయండి

ఇది పొట్టిగా ఉండాలి. ఎవరు, ఏ సంవత్సరం, ఏ తారీకుల్లో రాగలరు, ఇప్పటిదాకా ఏం చేశారు. "చిన్నప్పట్నుంచీ జంతువులంటే ప్రాణం" అనే వాక్యం కొట్టేయండి, అది ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. దాని బదులు "రైతుల దగ్గర 40 ఆవులకు చూడి పరీక్ష చేశాను, మూడు ఈతలకు సాయం చేశాను, పికప్ నడపగలను" అని ఉన్నదున్నట్టు రాయండి. పల్లెటూరి పశువుల ఆసుపత్రిలో చేసిన పనిని తక్కువ చేసుకోకండి. వంద కిలోల దూడను కట్టిపడేయడం తెలిసినవాడు వాళ్లకు కావాలి.

జవాబు రాకపోతే మూడు వారాలాగి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకో చోటికి రాయండి.

5. వీసా

టూరిస్టు వీసా మీద వెళ్లి పనిచేయకండి. మిమ్మల్ని పిలిచినవాళ్ల లెటర్‌లో మీరు వచ్చేది చదువుకా, స్వచ్ఛంద సేవకా, ఎన్ని రోజులకు, తిండీ వసతీ ఎవరివి అన్నది స్పష్టంగా ఉండాలి. ఆ లెటర్‌ను బట్టే వీసా రకం తేలుతుంది. హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎస్ అనే వీసా దరఖాస్తు కేంద్రం ద్వారా అప్లై చేయవచ్చు. డిగ్రీ కాగితాలకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర) కావాలంటారు కొన్ని చోట్ల. దానికి వారాలు పడుతుంది కాబట్టి టికెట్ కొనడానికి ముందే మొదలుపెట్టండి.

6. టీకాలు, మాత్రలు

రేబిస్ ముందస్తు టీకా: డబ్ల్యూహెచ్ఓ 2018 సిఫార్సు ప్రకారం రెండు డోసులు, మొదటిది వేసిన ఏడు రోజులకు రెండోది. వెట్ కాలేజీలో ఎప్పుడో వేయించుకున్నామని వదిలేయకండి, తారీకు చూసుకోండి.

ఎల్లో ఫీవర్: సౌతాఫ్రికాలో ఆ జబ్బు లేదు. కానీ నైరోబీ, ఆడిస్ అబాబా మీదుగా పోయే టికెట్టు చవగ్గా వస్తుంది, చిక్కంతా అక్కడే. ఆ దేశాల్లో బయటికి వెళ్లినా, విమానాశ్రయంలో 12 గంటలు దాటి ఆగినా సౌతాఫ్రికా వాళ్లు పసుపు కార్డు (ఈ టీకా వేయించుకున్నట్టు చూపే కాగితం) అడుగుతారు. కార్డు లేకుండా అలాంటి దేశంలో గడిపి మన దేశానికొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజులకు గాని కార్డు చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఈ గొడవే లేదు.

మలేరియా: క్రూగర్ నేషనల్ పార్కు పరిసరాల్లో సెప్టెంబరు నుంచి మే దాకా ఎక్కువ. ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరు చెప్పాలి, నేను కాదు.

పిడుదులు: అక్కడ గడ్డిలో నడిస్తే ఒంటినిండా చిన్న పిడుదులు ఎక్కుతాయి. అవి తెచ్చే జ్వరం ఉంది. సాయంత్రం స్నానానికి ముందు మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చంకల్లో వెతుక్కోండి. కుట్టినచోట నల్లటి పెచ్చు కట్టి జ్వరం వస్తే దాచకుండా చెప్పండి. ఇంటికొచ్చాక జ్వరమొచ్చినా "ఆఫ్రికా వెళ్లొచ్చాను" అనే మాట డాక్టరుతో ముందు అనండి.

7. సామాను

ఖాకీ, ముదురాకుపచ్చ నూలు బట్టలు, చీలమండ దాటే బూట్లు. స్వెట్టర్ తప్పదు. ఆఫ్రికా అంటే రామగుండం ఎండ అనుకుని వెళ్లాను. జూలైలో తెల్లవారుజామున అయిదింటికి తెరిచిన జీపులో పళ్లు టకటకలాడాయి.

8. మందు సీసా దగ్గర

ఇది నిదానంగా చదవండి. ఖడ్గమృగం, ఏనుగు, జిరాఫీ లాంటివాటికి అక్కడ వాడేది ఎటార్ఫిన్. అందరూ ఎమ్-99 అంటారు. 1960లలో ఉమ్‌ఫొలోజిలో (సౌతాఫ్రికాలోని ఒక రిజర్వ్) తెల్ల ఖడ్గమృగాలను పట్టి ఇతర చోట్లకు తరలించడం ఈ మందు చేతికి వచ్చాక చాలా సులువైంది. మార్ఫిన్‌కంటే వెయ్యి రెట్లకు పైగా బలం. రెండు టన్నుల జంతువును కొద్ది మిల్లీగ్రాములు పడగొడతాయి. మీ కంట్లో చుక్క పడితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మీరు పాటించాల్సినవి:

- మందు నింపేటప్పుడు వెట్ మాట్లాడమంటే తప్ప మాట్లాడకండి. మోచేయి తగిలేంత దగ్గరగా నిలబడకండి.
- మనుషులకు విరుగుడు ఏది, ఎక్కడుంది, ఎవరు ఎక్కిస్తారు అని ఆ రోజు పొద్దున అడగండి. అడిగితే నవ్వేవాళ్ల దగ్గర పనిచేయకండి. మంచి టీమ్ అయితే విరుగుడు ముందే తీసి పెట్టి మీకు చూపిస్తుంది.
- చర్మం మీద పడితే, గుచ్చుకుంటే వెంటనే అరవండి. సిగ్గుపడి ఒక్క నిమిషం దాచినా ఆ నిమిషమే ప్రాణం తీయవచ్చు. నీళ్లతో కడుగుతూ ఉండండి. విరుగుడు ఎక్కించడం, ఊపిరి ఆడించడం, ఆసుపత్రికి తరలించడం మిగతావాళ్ల పని.
- కింద పడిన డార్ట్‌ను చేత్తో తీయకండి. గాలి ఒత్తిడితో పనిచేసే డార్ట్ సూది మీద తొడుగు జరిగితే లోపల మిగిలిన మందు చిమ్ముతుంది. గురి తప్పిన డార్ట్‌ను దొరికేదాకా వెతకాలి, అయితే తీసేది వెట్ మాత్రమే.

లెక్కల్లో తరచూ చూసే తప్పు: అక్కడి సీసాల మీద మిల్లీలీటరుకు 9.8 మిల్లీగ్రాములు అని ఉంటుంది. విద్యార్థి చప్పున 10 అనుకుని వేస్తాడు. తేడా చిన్నదే. కానీ అలా 'సుమారు' వేసే అలవాటు ఇంకో మందు దగ్గర, ఇంకో గాఢత దగ్గర కొంప ముంచుతుంది. సీసా మీద ఉన్న అంకెనే వాడండి. మీ లెక్కను పక్కవాళ్ల చేత చేయించి, రెండూ కలిశాకే నోరు విప్పండి.

9. ఖడ్గమృగం పడ్డాక

డార్ట్ తగిలిన క్షణం టైము రాయండి. మొదట అడుగు తడబడిన టైము. ముందు కాళ్లు ఎత్తెత్తి వేస్తూ నడిచే తీరు చూస్తే తెలిసిపోతుంది. తర్వాత పడిన టైము. ఈ మూడూ లేకపోతే మిగతా రాతలకు అర్థం లేదు.

క) వెట్ చెయ్యెత్తి పిలిచేదాకా బండి దిగకండి. దిగాక వెనక వైపు నుంచే, మాట లేకుండా వెళ్లండి.

ఖ) కళ్లకు గంత, చెవులకు బిరడాలు. మా దగ్గర బిరడాలంటే పాత సాక్సుల్లో దూది కుక్కి దారం కట్టినవి. దారం బయటికి వేలాడాలి. ఒకటి లోపలే మరిచిపోతే ఖడ్గమృగం లేచాక వెళ్లి తీసుకురాలేరు కదా.

గ) పడిన తీరు. బోర్లా కూర్చున్నట్టు పడితే కాళ్లు ఒంటి బరువు కింద నలిగి కండరాలకు రక్తం అందదు. పక్కకు పడుకోబెడితే ఊపిరి తీరు మారుతుంది. ఏది ఎప్పుడు అన్నది వెట్ నిర్ణయం. తోయమన్నప్పుడు అందరూ ఒకేసారి తోయాలి.

ఘ) ఇక మీ పని. ముక్కు రంధ్రం ముందు అరచేయి పెట్టండి. ఛాతీ చూసి లెక్కపెట్టకండి. ఆ మందపాటి తోలు కదలిక కనపడదు, పైగా ఎవరో ఒకరు దానికి ఆనుకుని ఉంటారు, వాళ్ల కదలికను ఊపిరి అనుకుంటారు. అరచేతికి వెచ్చటి గాలి తగిలిందంటే ఒకటి. గడ్డి వాసన వస్తుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. మొదటిసారి ఆ నిశ్శబ్దం ఎంత పొడుగ్గా అనిపించిందంటే, నా ఊపిరి నేనే బిగబట్టి కూర్చున్నాను.

నిండు నిమిషం లెక్కపెట్టండి. క్లినిక్‌లోలాగా 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఇక్కడ పనికిరాదు. మెలకువగా ఉన్న తెల్ల ఖడ్గమృగం నిమిషానికి ఇరవైకి అటూ ఇటూగా ఊపిరి తీస్తుంది. ఈ మందుతో అది బాగా పడిపోతుంది. అప్పుడు 15 సెకన్లలో ఒకటి వచ్చిందా రెండు వచ్చాయా అన్నదాన్ని బట్టి మీ జవాబు 4 అయినా అవుతుంది, 8 అయినా అవుతుంది. ఆ తేడాలోనే జంతువు పోతుంది. ఎంతకు తగ్గితే గట్టిగా పిలవాలో పొద్దునే వెట్‌ను అడిగి నోటుబుక్కు అట్ట మీద పెద్దగా రాసుకోండి. ఊపిరి పడిపోతుంటే బ్యూటార్ఫనాల్ ఇస్తారు, ముక్కులో గొట్టం వేసి ఆక్సిజన్ పెడతారు. అది వాళ్ల పని. మీ పని మాత్రం అంకెను బిగ్గరగా చెప్పడం. "బాగానే ఉంది సార్" అనేది అంకె కాదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. టైము కోసం ఫోన్ చూశాను. చూడగానే అమ్మ మెసేజ్ కనిపించింది. అది చదివేలోపు లెక్క తప్పింది. వెట్ నన్ను తిట్టలేదు, ఫోన్ తీసుకుని జీపులో పడేసి తన గడియారం విప్పి ఇచ్చింది. గడియారం కొనుక్కోమని చెప్పేది అందుకే.

ఙ) వేడి. ఐదు నిమిషాలకోసారి థర్మామీటర్. 39 డిగ్రీల సెల్సియస్ దాటితే నీళ్లు మొదలవుతాయి, 41 దగ్గరికొస్తే పని మధ్యలోనే ఆపి లేపేస్తారు. నీళ్లు చెవుల మీద, కాళ్ల సందుల్లో, ఒంటి మీద పోయండి. ముక్కు వైపు పారనివ్వకండి.

చ) కొమ్ము కోత అయితే: మొదలులో పెరిగే కణజాలం తెగకుండా గీత గీసి, దాని పైనే రంపంతో కోస్తారు. గోరు కాలిన వాసన వస్తుంది. కొమ్ము కూడా గోరులాంటి కెరటినే, మళ్లీ పెరుగుతుంది. కింద పరిచిన టార్పాలిన్ మీద పడిన పొడిని కూడా ఊడ్చి, తూచి, సంచిలో వేసి ముద్ర వేస్తారు. డీఎన్‌ఏ నమూనా ఒండర్‌స్టెపోర్ట్ ప్రయోగశాలకు వెళ్తుంది. రేపు ఎక్కడైనా దొంగ కొమ్ము దొరికితే అది ఏ జంతువుదో తేల్చడానికి. మీ బూటుకు అంటిన పొడి కూడా దులిపి టార్పాలిన్ మీదే పడేయండి. జేబులో పొరపాటున గుప్పెడు మిగిలినా మీరు స్మగ్లరే.

ఛ) ఫొటోలు. ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి, అసలు అనుమతి ఉంటేనే తీయండి. వెనక కొండో, చెరువో కనిపించినా వేటగాళ్లకు చాలు. ఇన్‌స్టాలో పెట్టాలన్న తొందర ఉంటే ఆ రిజర్వ్ వాళ్లు చెప్పిన గడువు అయ్యాకే పెట్టండి.

జ) లేపడం. బిరడాలు రెండూ, గంత, థర్మామీటర్, మనుషులు, అన్నీ లెక్క చూసుకుని అందరూ బండెక్కాకే వెట్ చెవి సిరలో విరుగుడు ఎక్కిస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో లేచి నిలబడుతుంది. ఆ టైమూ రాయండి.

10. మిగతా జంతువులు ఇలాగే ఉండవు

ఏనుగు బోర్లా కూర్చుండిపోతే దాని పొట్ట బరువే ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. నిమిషాల్లో పక్కకు తోయాలి. తొండం చివర మూసుకోకుండా చిన్న పుల్ల పెడతారు. ఆ పుల్ల పడిపోకుండా చూసే పని మీకు వస్తుంది. జిరాఫీకి పడగానే విరుగుడు ఇచ్చేస్తారు, ఆ తర్వాత దాన్ని పట్టి ఉంచేది మనుషుల బలం, కళ్లగంత మాత్రమే. మెడ మీద కూర్చునేవాళ్లను ముందే ఎంచుతారు, కాళ్ల దగ్గరికి ఎవరూ పోరు. సింహానికి వాడే టిలెటమిన్, జొలజెపామ్ మిశ్రమానికి పూర్తి విరుగుడు లేదు. తాపీగా లేస్తుంది. ముందు చెవులు ఆడతాయి, నాలుక కదులుతుంది. చెవి ఆడిందంటే వెంటనే చెప్పండి, మీకు భ్రమ అనిపించినా సరే.

జీబ్రా, ఇంపాలా లాంటివాటికి మందు కంటే పరుగు ప్రమాదం. ఎక్కువ తరిమితే కండరాలు దెబ్బతిని అప్పుడు బాగానే కనిపించి, రెండు మూడు రోజుల తర్వాత చచ్చిపోతాయి. కాబట్టి "లేచి పరుగెత్తింది" అంటే పని అయిపోయినట్టు కాదు. మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో సౌతాఫ్రికా నుంచి 12 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్కుకు వచ్చాయి. విమానం దిగడం, ఎన్‌క్లోజర్‌లోకి పోవడం అన్నీ సజావుగా జరిగాయి. ఆ వానాకాలంలో కొన్నింటికి రేడియో కాలర్ కింద తడికి చర్మం చెడి, పురుగు పట్టి, రక్తానికి విషమెక్కి చచ్చిపోయాయి. ఆఫ్రికా చలికాలానికి తగ్గట్టు ఆ నెలల్లో వాటికి బొచ్చు దట్టమైందని, మన వానలో అది ఆరలేదని నిపుణులు చెప్పారు. కాలర్ తగిలించిన జంతువును వారం, నెల తర్వాత ఎవరు, ఎలా చూస్తారు అని మీరు వెళ్లిన చోట తప్పక అడగండి.

11. నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

సర్టిఫికెట్ వల్ల తెలియదు, అందరికీ ఇస్తారు. నోటుబుక్కు తీయండి. ఒక్కో జంతువుకు ఇవి ఉండాలి: డార్ట్ టైము, తడబడిన టైము, పడిన టైము, ఐదు నిమిషాలకోసారి ఊపిరి, నాడి, వేడి, విరుగుడు టైము, లేచిన టైము, ఆ తర్వాత దాని గురించి విన్నది. మధ్యలో ఖాళీ గడులు ఎన్ని ఉన్నాయో చూడండి. మొదటి వారం ఖాళీలు ఉంటాయి, తప్పు కాదు. ఊహించి నింపడమే తప్పు. మూడో వారానికీ ఖాళీలు అలాగే ఉంటే ఫొటోలు తీయడంలో ఉన్నారన్నమాట.

ఇంకో పరీక్ష: ఆ పుస్తకాన్ని పక్కనే ఉన్న మరో విద్యార్థికిచ్చి, జంతువు ఏ నిమిషంలో ప్రమాదంలో పడిందో చెప్పమనండి. మీ రాతలు చూసి చెప్పగలిగితే అవి రికార్డు. చెప్పలేకపోతే డైరీ.

12. తిరుగు ప్రయాణం

బూట్ల అడుగు బ్రష్‌తో రుద్ది, డిస్‌ఇన్ఫెక్టెంట్‌లో ముంచి, ఆరబెట్టండి. అడవిదున్నలు గాలికుంటు వైరస్‌ను మోస్తుంటాయి, క్రూగర్‌లో వాటిలో క్షయ కూడా ఉంది. వచ్చిన వారమే మీ ఊళ్లో పశువుల కొట్టంలోకి అవే బూట్లతో వెళ్లొద్దు. గోరు, వెంట్రుక, ఈక, రక్తపు స్లైడు ఏదీ తేకండి. పరిశోధనకే అయినా సైటిస్ (అరుదైన జీవుల రవాణాను అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ లేకుండా అది నేరం.

ఇక్కడికొచ్చాక ఇంకో తప్పు చేస్తారు. ఊళ్లోకి చిరుత వచ్చిందని తెలియగానే "నాకు వచ్చు" అని బయల్దేరతారు. మన వన్యప్రాణి చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా షెడ్యూల్ 1 (అత్యంత రక్షణ ఉన్న జాబితా, చిరుత అందులోదే) జంతువుకు మత్తు ఇవ్వకూడదు. పైగా ఇక్కడ ఎక్కువగా వాడేది జైలజిన్, కెటమిన్. పనిచేసే తీరు వేరు, పడేందుకు పట్టే సమయం వేరు, చుట్టూ సెల్‌ఫోన్లతో వెయ్యిమంది జనం. చిత్తూరు ఏనుగుల దగ్గరో, మన్యం ఏనుగుల దగ్గరో, శ్రీకాకుళం ఎలుగుల దగ్గరో పనిచేస్తున్న అటవీశాఖ డాక్టర్ల వెనక నోటుబుక్కుతో నిలబడండి. అక్కడ కూడా మొదట ఇచ్చే పని ఊపిరి లెక్కే.

ఇంకా సందేహాలుంటే రాయండి, జవాబిస్తాను. అయితే మెసేజ్ మొదటి లైన్లో, రెండో అంచెలో చెప్పిన ఐదు జంతువుల ఊపిరి లెక్కలు, పక్కనే మీ స్నేహితుడి లెక్కలు ఉండాలి.